1892లో 500 డాలర్లు తీసుకున్న ఫుట్‌బాల్ ఆటగాడు: అమెచ్యూర్ క్లబ్ అయితే డబ్బెందుకు ఇచ్చారు?

పెన్‌హిల్స్ నాన్న:

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మావాణ్ణి తీసుకుని పిట్స్‌బర్గ్‌లోని నార్త్ షోర్ వెళ్ళాను. ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ ఆటకి కాదు, ఆ టికెట్ ధరలు మనకి అందేవి కావు. సైన్స్ సెంటర్ చూపిద్దామని వెళ్ళాం. పార్కింగ్ దొరక్క కారు ఎక్కడో పెట్టి స్టేడియం పక్కగా నడుస్తుంటే రోడ్డు వారగా నీలం బోర్డు, పసుపు అక్షరాలు. పెన్సిల్వేనియా వాళ్ళు చరిత్ర ఉన్న ప్రతిచోటా పాతుతారు కదా, అలాంటిదే. దగ్గరకెళ్ళి చదివితే ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్, అంటే డబ్బు తీసుకుని ఆడే ఆట, పుట్టింది ఇక్కడేనట. 1892లో పడ్జ్ హెఫెల్‌ఫింగర్ అనే ఆయన అలెగెనీ అథ్లెటిక్ అసోసియేషన్ తరఫున ఆడటానికి 500 డాలర్లు తీసుకున్నాడట.

మావాడు ఆరో తరగతి. అక్కడే పట్టుకున్నాడు. "నాన్నా, అయితే ఆయనకి ముందు అందరూ ఫ్రీగా ఆడారా? ఫ్రీగా ఆడే క్లబ్ అయితే ఈయన ఒక్కడికే డబ్బెందుకిచ్చారు? మిగతావాళ్ళు ఊరుకున్నారా?" అని. ఏదో చెప్పి తప్పించుకుందామంటే వదల్లేదు. ఇప్పుడు స్కూల్లో పెన్సిల్వేనియా చరిత్ర మీద ఐదు నిమిషాలు మాట్లాడాలట, ఇదే టాపిక్ అని టీచర్‌కి చెప్పేసి వచ్చాడు. వచ్చే శుక్రవారం లోపు కావాలి. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. పదిహేనేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నా ఫస్ట్ డౌన్ అంటే ఏమిటో ఇప్పటికీ సగమే అర్థమైంది.

ఆ సీజన్‌లో అసలేం జరిగిందో కథలా చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా? 500 అంటే అప్పట్లో ఎంత పెద్ద మొత్తం అనేది కూడా.

లాట్రోబ్ రోడ్డు:

అన్నా, ఆ బోర్డు సంగతి ఏమోగానీ, మా ఆఫీసులో పెద్దాయనొకాయన మొదటి ప్రొఫెషనల్ ఆటగాడు లాట్రోబ్ వాడు అంటాడు. జాన్ బ్రాలియర్ అని, 1895లో జెనెట్ ఊరి జట్టు మీద ఆడటానికి 10 డాలర్లు, పైఖర్చులు తీసుకున్నాడు. తర్వాత డెంటిస్ట్ అయ్యాడు. పదింటికి ఐదొందలకి చాలా తేడా ఉంది. ఏది నిజం?

తెనాలి పద్దులు:

బాబూ, నేను ఆటగాణ్ణి కాను. ముప్ఫయ్యేళ్ళు పద్దు పుస్తకాలు తిరగేసిన ఆడిటర్ని. ఏడాదిలో ఆరునెలలు మన్రోవిల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. రెండేళ్ళ క్రితం మా మనవడు పట్టుబట్టి ఒహైయోలోని కాంటన్ తీసుకెళ్ళాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడుంది, ఇక్కడినుంచి రెండు గంటల లోపే. వాడు హెల్మెట్లు, కంచు బొమ్మలు చూస్తూ పరిగెడుతున్నాడు. నేను మాత్రం ఒక కాగితం దగ్గర ఆగిపోయాను. అలెగెనీ క్లబ్ వాళ్ళు ఆ ఆటకి రాసుకున్న జమాఖర్చు అది. దాన్ని ఈ ఆటకి బర్త్ సర్టిఫికెట్ అంటారు వాళ్ళు. నా కంటికి అది ఒక కోశాధికారి చేతులెత్తేసి నిజం రాసేసిన పేజీలా కనిపించింది. అందుకే దాని వెనక కథంతా తర్వాత కూర్చుని చదివాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టు.

ముందు ఊళ్ళ సంగతి. మీరు బోర్డు చూసిన నార్త్ షోర్ అప్పట్లో పిట్స్‌బర్గ్ కాదు. అలెగెనీ సిటీ అని విడిగా ఊరు. 1907లో గానీ పిట్స్‌బర్గ్‌లో కలపలేదు, అదీ అలెగెనీ వాళ్ళకి ఇష్టం లేకుండానే. మనకి రాజమండ్రి, కొవ్వూరు ఉన్నట్టు ఏటికి అటొకటి ఇటొకటి. ఏటికి ఉత్తరాన అలెగెనీ అథ్లెటిక్ అసోసియేషన్, ఇవతల పక్క పిట్స్‌బర్గ్ అథ్లెటిక్ క్లబ్. రెండూ పెద్దమనుషుల క్లబ్బులు. చందా కట్టి చేరాలి, జిమ్నాజియం ఉంటుంది, కసరత్తులు, పరుగుపందాలు. చలికాలం రాబోయే ముందు ఫుట్‌బాల్. అలెగెనీ వాళ్ళు 1890లో జట్టు కట్టారు, పిట్స్‌బర్గ్ వాళ్ళు ఆ మరుసటి ఏడు.

అందరూ అమెచ్యూర్లే, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ళే అని రూలు. పైన అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ అని ఒక పెద్ద సంఘం. డబ్బు తీసుకున్నాడని తేలితే ఆటగాడి మీదా క్లబ్ మీదా వేటు. కానీ క్లబ్ గెలిస్తేనే కొత్త సభ్యులు చేరతారు, చందాలు వస్తాయి, గేటు దగ్గర టికెట్లు తెగుతాయి. రూలు ఒకవైపు, అవసరం ఒకవైపు. ఇలాంటి చోట ఏం జరుగుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో నడిచిన ఒక పద్ధతి చదివి నేను ఒంటరిగా కూర్చుని నవ్వాను. ఆటగాడికి డబ్బివ్వకూడదు, బహుమతి ఇవ్వొచ్చు. కాబట్టి బంగారు గడియారం ఇచ్చేవాళ్ళు. అతను తిన్నగా తాకట్టు కొట్టుకి వెళ్ళి ఇరవై డాలర్లకి దాన్ని కుదువ పెట్టేవాడు. తాకట్టు చీటీని క్లబ్ వాళ్ళు ఇంకో ఇరవై ఇచ్చి కొనుక్కునేవాళ్ళు. గడియారం విడిపించి వచ్చే ఆట అయ్యాక మళ్ళీ అదే గడియారం, అదే మనిషికి. పద్దులో మాత్రం బహుమతి అని ఉంటుంది. ఏ ఆడిటర్ వచ్చినా ఒక్క పైసా ప్రశ్నించలేడు.

పిట్స్‌బర్గ్ క్లబ్‌లో ఇంకో దారి. వాళ్ళ జిమ్‌లో కసరత్తు మాస్టారు విలియం కిర్ష్‌నర్. జీతగాడు, జట్టులో గట్టి ఆటగాడు కూడా. జీతం కసరత్తు నేర్పించడానికి గానీ ఆటకి కాదంటారు క్లబ్ వాళ్ళు. కానీ ఫుట్‌బాల్ నెలల్లో ఆయన జీతం పెరుగుతుంది, క్లాసులు తగ్గుతాయి. ఇదేం లెక్క అని అలెగెనీ వాళ్ళు గోల పెట్టారు.

ఇక 1892 అక్టోబర్ 21. రెండు క్లబ్బులకీ మొదటి పోటీ. 6-6, సమానం. గొడవ స్కోరు మీద కాదు. పిట్స్‌బర్గ్ కెప్టెన్ చార్లీ ఆల్ దెబ్బ తగిలి బయటికొస్తే అతని బదులు స్టేయర్ అనే అతను దిగాడు. ఎవరీ స్టేయర్ అంటే, మాకు తెలిసినవాడే, క్లబ్ మనిషే అన్నారు. తర్వాత తేలింది ఏమిటంటే అతని అసలు పేరు రీడ్, పెన్ స్టేట్ కాలేజీ జట్టు కెప్టెన్! కాలేజీ కెప్టెన్ దొంగపేరుతో క్లబ్ ఆట ఆడేశాడు. అలెగెనీ వాళ్ళు పేపర్లకెక్కారు, పిట్స్‌బర్గ్ వాళ్ళు తిప్పికొట్టారు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ నాకెందుకు పట్టుకుందో మీకు తెలియదు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మా దగ్గర ఒక ఊళ్ళో యువజన సంఘానికి నేనే కోశాధికారిని. ఊరి పేరు అనవసరం. సంక్రాంతికి కబడ్డీ పోటీలు. ఏ ఊరి జట్టులో ఆ ఊరివాళ్ళే ఆడాలి. మా పెద్దలు కనుమ రోజు ఫైనల్‌కి వేరే జిల్లా నుంచి ఇద్దరు కిరాయి ఆటగాళ్ళని దింపారు. ఒకణ్ణి మా సుబ్బయ్య బాబాయ్ మేనల్లుడన్నారు, ఇంకొకణ్ణి పాలేరన్నారు. పాలేరన్నవాడి కాళ్ళకి కొత్త కాన్వాస్ బూట్లు! నాకు చెప్పిన మాట ఒక్కటే: "అబ్బాయ్, మూడొందలు ఎక్కడో ఒకచోట రాసెయ్." నేను "మజ్జిగ, సోడాలు" అని రాశాను. ఆ లెక్క ప్రకారం ఆ రోజు మా ఊళ్ళో మనిషికి బిందెడు మజ్జిగ తాగుండాలి.

సరే, అసలు కథకి వస్తా. పడ్జ్ హెఫెల్‌ఫింగర్. పడ్జ్ అంటే బొద్దోడని ముద్దుపేరు, మనిషి మాత్రం ఆరడుగుల పైన. మినియాపొలిస్ వాడు. యేల్ యూనివర్సిటీలో గార్డుగా, అంటే ముందు వరసలో అడ్డు నిలిచేవాడిగా ఆడాడు, 1889, 90, 91 మూడేళ్ళూ దేశం మొత్తం మీద ఎంచిన ఆల్ అమెరికా జట్టులో ఉన్నాడు. చదువయ్యాక ఒమాహాలో రైల్వే కంపెనీలో ఉద్యోగం. 1892 శరదృతువులో సెలవు పెట్టి చికాగో అథ్లెటిక్ అసోసియేషన్ జట్టుతో తూర్పువైపు పర్యటనకి బయల్దేరాడు. ఆరు ఆటలు. డబ్బు లేదు, ఖర్చులు మాత్రం క్లబ్‌వి. ఖర్చులంటే ఎంత అనేది మళ్ళీ క్లబ్ ఇష్టం అనుకోండి.

ఈయన ఇంత దగ్గరికొచ్చాడని పిట్స్‌బర్గ్ వాళ్ళకీ తెలిసింది, అలెగెనీ వాళ్ళకీ తెలిసింది. అక్టోబర్ 30న పిట్స్‌బర్గ్ ప్రెస్ పత్రికలో ఒక పుకారు వచ్చింది. హెఫెల్‌ఫింగర్‌కీ, అదే చికాగో జట్టులో ఉన్న నోల్టన్ ఏమ్స్‌కీ ఆటకి 250 డాలర్లు ఇస్తామని పిట్స్‌బర్గ్ క్లబ్ అడిగిందని. అలెగెనీ మేనేజర్ ఓ.డి. థాంప్సన్ కూడా యేల్‌లో ఆడినవాడే. ఇతను ఆ ఇద్దరికీ కబురు పెట్టాడు. ఏమ్స్ నాకు అమెచ్యూర్ పేరు పోతుంది, రానన్నాడు. హెఫెల్‌ఫింగర్ 250కి రానన్నాడు. 500 అయితే వస్తానన్నాడు. ఆయనతో పాటు డానెల్లీ, మాలీ అని చికాగో జట్టువాళ్ళే ఇంకో ఇద్దరు.

నవంబర్ 12, శనివారం. రిక్రియేషన్ పార్క్, మీరు నిలబడి బోర్డు చదివిన చోటికి దగ్గర్లోనే. జనం మూడువేల దాకా. పిట్స్‌బర్గ్ జట్టు మైదానంలోకి వచ్చి అటుపక్క చూస్తే యేల్ వీరుడు అలెగెనీ బట్టల్లో ఒళ్ళు వేడెక్కించుకుంటున్నాడు. అంతే, వాళ్ళంతా మైదానం వదిలి వెనక్కి నడిచారు. మేం ఆడం అన్నారు. మరి మీ స్టేయర్ సంగతేమిటి అన్నారు అలెగెనీ వాళ్ళు. పందాలు కాసినవాళ్ళ టెన్షన్ చూడాలి, రెండు వైపులా బోలెడు డబ్బు కట్టారు. జనం అరుస్తున్నారు, చలి, పైగా నవంబర్‌లో పొద్దు తొందరగా వాలిపోతుంది. చివరికి ఒప్పందం ఏమిటంటే పందాలన్నీ రద్దు, ఇది ఉత్తి ప్రదర్శన ఆట. ఈ వాదన తెమిలేసరికి ఆలస్యమైపోయి నలభై ఐదు నిమిషాల సగాలు ముప్ఫైకి కుదించారు.

ఆటలో ఒకే ఒక్క టచ్‌డౌన్, అంటే బంతిని అవతలివాళ్ళ గీత దాటించడం. అవతలివాడి చేతిలోంచి బంతి జారిపడేలా గుద్ది, దాన్ని అందుకుని హెఫెల్‌ఫింగర్ ముప్ఫై అయిదు గజాలు పరిగెత్తాడు. అలెగెనీ 4, పిట్స్‌బర్గ్ 0. పెట్టిన 500కి పని జరిగింది.

ఇప్పుడు ఆ కాగితం. ఆటకి వచ్చిన మొత్తం వసూలు 1,683 డాలర్ల 50 సెంట్లు. ఖర్చుల వైపు చూస్తే డానెల్లీ, మాలీ, హెఫెల్‌ఫింగర్ ముగ్గురికీ కలిపి ఖర్చుల కింద 75 డాలర్లు. తలకి 25. ఇది అందరూ రాసేదే, ఇంతవరకు అమెచ్యూరే. దాని తర్వాత విడిగా ఒక పద్దు: "ఆటలో పాల్గొన్నందుకు డబ్ల్యు. హెఫెల్‌ఫింగర్‌కి బోనస్, నగదు, 500 డాలర్లు." నికర లాభం 621 డాలర్లు.

నేను ఆ అద్దం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎవరు రాశాడో ఆ మహానుభావుడు! గడియారం అని రాయొచ్చు. దారిఖర్చులు 575 అని కలిపేయొచ్చు. మజ్జిగ, సోడాలు అనొచ్చు. అవేవీ చేయకుండా పేరు, కారణం, మొత్తం, నగదు అని నాలుగూ ఒకే పద్దులో పెట్టాడు. బయటివాళ్ళకి చూపించే కాగితం కాదు కాబట్టి రాశాడేమో. హెఫెల్‌ఫింగర్ 1954 దాకా బతికాడు, ఆ డబ్బు తీసుకున్నానని ఎక్కడా ఒప్పుకోలేదు. ఆయన నోరు మూసుకున్నా పద్దు మూసుకోలేదు.

పైన లాట్రోబ్ అబ్బాయి అడిగినదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. చాలా ఏళ్ళపాటు బ్రాలియరే మొదటి ప్రొఫెషనల్ అని అందరూ అనుకున్నారు, ఈ ఆటకి పెద్ద లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా ఆయన్నే గుర్తించింది. 1960లో ఆయన పోయాడు. ఆ తర్వాతే అలెగెనీ క్లబ్ పాత లెక్కలు బయటపడి, మూడేళ్ళు వెనక్కి జరిపారు. పాపం, లాట్రోబ్ వాళ్ళు హాల్ ఆఫ్ ఫేమ్ తమ ఊళ్ళోనే పెట్టాలని ఆశపడ్డారు కూడా. మీ ఆఫీసు పెద్దాయన అబద్ధం చెప్పలేదు, పాతలెక్క చెప్పాడంతే.

ఇంకొక్కటి. మరుసటి వారం, నవంబర్ 19న అలెగెనీ వాళ్ళు వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కాలేజీతో ఆడారు. ఈసారి డానెల్లీకి 250 డాలర్లు. 8-0 తేడాతో ఓడిపోయారు. డబ్బిచ్చి తెచ్చుకున్న రెండో ఆటగాడు ఎవరికీ గుర్తు లేకపోవడానికి కారణం అదే.

స్టీలర్స్ పిచ్చోడు:

బాబాయ్ గారూ, అదరగొట్టారు. 4-0 ఏమిటి, టచ్‌డౌన్‌కి ఆరు కదా అని క్లాసులో పిల్లలు అడుగుతారు, అది నేను చెప్తా.

అప్పటి లెక్క వేరు. టచ్‌డౌన్‌కి 4, దాని తర్వాత గోల్ తంతే 2, మామూలుగా ఆటలో తన్నిన ఫీల్డ్ గోల్‌కి 5! అంటే కాలితో తన్నేదానికి ఎక్కువ విలువ. హెఫెల్‌ఫింగర్ నాలుగు తెచ్చాడు, తర్వాతి తన్ను తప్పింది, అందుకే 4 దగ్గర ఆగింది. ఇప్పటిలా పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు డౌన్లు (ప్రయత్నాలు) కాదు, ఐదు గజాలకి మూడు డౌన్లు. మైదానం 110 గజాలు. ముందుకి పాస్ విసరడం ఒప్పుకోరు, అది 1906లో వచ్చింది. కాబట్టి ఆట అంతా ఒక గుంపు ఇంకో గుంపుని తోసుకోవడమే. కబడ్డీలో పట్టు, గేదెల మందలో తొక్కిడి, రెండూ కలిపితే ఎలా ఉంటుందో అలా. హెల్మెట్ లేదు. తలకి దెబ్బ తగలకుండా జుట్టు పెంచుకునేవాళ్ళు, ఫొటోల్లో చూడండి, అందరికీ గుబురు జుట్టే.

గార్డు అంటే ఇప్పటి పిల్లలు బంతి ముట్టుకోనివాడు అనుకుంటారు. అప్పుడు అలా కాదు. పైగా హెఫెల్‌ఫింగర్ ప్రత్యేకత ఏమిటంటే తన చోట నిలబడిపోకుండా లైను వెనక నుంచి పక్కకి పరిగెత్తి, బంతి పట్టుకున్నవాడి ముందు దారి చేసేవాడు. ఆదివారం టీవీలో గార్డు పక్కకి లాగడం చూస్తారే, ఆ పద్ధతి ఈయన పేరు మీదే చెప్తారు.

ఇంకో తమాషా. బాబాయ్ గారు నవంబర్ 19 అన్నారు కదా, అదే రోజు హార్వర్డ్ వాళ్ళు యేల్ మీద ఫ్లయింగ్ వెడ్జ్ ప్రయోగించారు. మనుషులంతా దూరం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి నాగలి కర్రులా ఒక్కచోట గుచ్చుకోవడం. ఎన్ని ఎముకలు విరిగాయో, రెండేళ్ళు తిరక్కుండానే నిషేధించారు.

పెన్‌హిల్స్ నాన్న:

చాలా థ్యాంక్స్ అండీ. మీ పోస్టు మొత్తం మావాడికి చదివి వినిపించాను, తెలుగు కొంచెం కొంచెం అర్థమవుతుంది వాడికి. గడియారం దగ్గర పడీపడీ నవ్వాడు. మళ్ళీ ప్రశ్నలు. 500 ఇప్పటి లెక్కలో ఎంత? మిగతా పదిమందికి కోపం రాలేదా? అలెగెనీ క్లబ్‌ని ఎవరూ పట్టుకోలేదా?

తెనాలి పద్దులు:

ఇప్పటి డాలర్లలోకి మార్చి చెప్తే పిల్లలకి ఏమీ అంటదు నాన్నా. అప్పటి కూలి లెక్కలో చెప్పు. దానికి మన ఊళ్ళోనే ఆధారం ఉంది.

మీరు హోమ్‌స్టెడ్ దగ్గర వాటర్‌ఫ్రంట్ మాల్‌కి సినిమాలకి వెళ్తుంటారు కదా. అక్కడ ఎత్తుగా వరసగా ఇటుక పొగగొట్టాలు పన్నెండు నిలబడి ఉంటాయి. కార్నెగీ ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న చోటు అది. సరిగ్గా అదే 1892లో జూలై 6న అక్కడ కార్మికులకీ, కంపెనీ పడవల్లో దింపిన పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా సంస్థ మనుషులకీ ఒక పగలంతా తుపాకీ కాల్పులు జరిగాయి. రెండు పక్కలా జనం చచ్చిపోయారు. తర్వాత మిలీషియా, అంటే రాష్ట్ర సైన్యం వచ్చింది, లాకౌట్ నెలల తరబడి సాగింది. పిట్స్‌బర్గ్ మొత్తం ఆ ఏడాది దాని గురించే మాట్లాడుకుంది.

ఆ ఫ్యాక్టరీలో మామూలు కూలీకి గంటకి 14 సెంట్లు. పన్నెండు గంటల పని. రోజుకి డాలరు 68 సెంట్లు. 500 డాలర్లు సంపాదించాలంటే 298 రోజులు పోవాలి. హెఫెల్‌ఫింగర్‌కి అది ఒక్క గంట ఆట, ముప్ఫైని రెండుసార్లు. ఈ లెక్క మీవాణ్ణే బోర్డు మీద చేసి చూపించమను, కాలిక్యులేటర్ లేకుండా.

నవంబర్ 12న ఈ ఆట. నవంబర్ 20న హోమ్‌స్టెడ్ యూనియన్ చేతులెత్తేసి, దొరికినవాళ్ళు పనిలోకి వెళ్ళొచ్చని ఓటు వేసింది. మధ్యలో ఎనిమిది రోజులే. రెండు చోట్లకీ మధ్య పది మైళ్ళు కూడా ఉండవు. నేను ఆ మాల్‌కి వెళ్ళినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది, మా అమ్మాయి పాప్‌కార్న్ కొంటూ "నాన్నా, మళ్ళీ పొగగొట్టాలు లెక్కపెడుతున్నావా" అంటుంది.

మిగతావాళ్ళ కోపం గురించి. మరుసటి ఏడే, 1893లో, అలెగెనీ వాళ్ళు ముగ్గురికి ఆటకి 50 డాలర్ల చొప్పున మాట్లాడుకున్నారు. అంటే అడిగినవాళ్ళకి దారి దొరికింది. ఒకడికి ఇచ్చాక రెండోవాడు అడగకుండా ఉండడు, నా అనుభవంలో ఏ సంస్థలోనూ ఉండలేదు.

పట్టుకోవడం ఆలస్యమైంది గానీ తప్పలేదు. అమెచ్యూర్ యూనియన్ వాళ్ళకి విషయం తెలిసి అలెగెనీ క్లబ్‌ని శాశ్వతంగా వెలి వేశారు. అప్పుడు క్లబ్ వాళ్ళు చేసిన పని చూడండి. ఎలాగూ పోయింది కదా అని 1896లో అందరూ డబ్బు తీసుకునేవాళ్ళతోనే ఒక జట్టు కట్టారు, మొదటిసారి పూర్తిగా జీతగాళ్ళ జట్టు. హెఫెల్‌ఫింగర్ మళ్ళీ వచ్చాడు. రెండే రెండు ఆటలు, వరసగా రెండు రోజుల్లో. రెండూ గెలిచారు. సీజన్ అయిపోయింది, జట్టు అయిపోయింది. కొన్నాళ్ళకి క్లబ్బూ లేదు. చితి మీద నెయ్యి పోసి వెలిగించినట్టు వెలిగి ఆరిపోయింది.

మీవాడికి ఐదు నిమిషాలే కాబట్టి ఇవన్నీ పెట్టొద్దు. స్టేయర్ దొంగపేరు, పొద్దు వాలుతుంటే గొడవ, ముప్ఫై అయిదు గజాల పరుగు, చివర్లో ఆ పద్దు. అంతే చాలు. గడియారం సంగతి అడిగితే చెప్పమను.

లాట్రోబ్ రోడ్డు:

మా పెద్దాయనకి చెప్పాను. ఒప్పుకోలేదు. "500 తీసుకున్నవాడు జీవితాంతం దాచాడు, మావాడు 10 తీసుకుని అందరికీ చెప్పాడు, ఎవరు మొదటివాడో నువ్వే చెప్పు" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక కాఫీ తెచ్చిచ్చాను.

పెన్‌హిల్స్ నాన్న:

అప్‌డేట్. శుక్రవారం అయిపోయింది, బాగా మాట్లాడాడట. 298 రోజుల లెక్క బోర్డు మీద చేస్తే టీచర్ దశాంశం దగ్గర ఆగిపోయిందట, వాడే సరిచేశాడు. ఇంటికొచ్చి మాత్రం ఒక్క ప్రశ్న అడిగాడు, అది మీకే. "ఆ తాతగారు కబడ్డీ ఫైనల్ గెలిచారా? మూడొందలు ఇద్దరికీ సమానంగా ఇచ్చారా?"

తెనాలి పద్దులు:

గెలిచాం. ఒక పాయింటు తేడాతో. పాలేరన్నవాడికి 180, మేనల్లుడన్నవాడికి 120. మేనల్లుడు పోట్లాడాడు, నాకూ సమానం కావాలని. మా పెద్దలు జేబులు తడుముకున్నారు, ఎవరి దగ్గరా లేవు. చివరికి అతను మా సుబ్బయ్య బాబాయ్ ఇంట్లో భోంచేసి, రెండు చెంబుల మజ్జిగ తాగి ఆఖరి బస్సుకి వెళ్ళాడు. అంటే మజ్జిగ పద్దు పూర్తిగా అబద్ధం కాదని చెప్పు మీవాడికి.